ముప్ఫై ఏడో నంబరు పడే గురువారం

పల్నాడులోని ఒక డిగ్రీ కళాశాలలో ముప్ఫై ఏడో నంబరు విద్యార్థి ప్రతి ఏటా డిసెంబరు రెండో గురువారం ఉదయం పదీ నలభైకి కొండ మీంచి పడతాడు, లేదా పడుతుంది. ఎడమ కాలు మోకాలి కింద విరుగుతుంది. ఇది ప్రమాదం కాదు, ప్రాక్టికల్.

కారణం సులువైనదే. పన్నెండేళ్ల కిందట సాహస కోర్సు పెట్టినప్పుడు మొదటి బ్యాచ్ నిజంగానే కొండెక్కి, జరిగింది జరిగినట్టు రికార్డు పుస్తకాల్లో రాసింది. రెండో బ్యాచ్‌కి ఏం రాయాలో తోచలేదు. కెమిస్ట్రీకి, బాటనీకి చేసినట్టే సీనియర్ల రికార్డులు తెచ్చుకుని, ఎవరి నంబరు చూసి వాళ్లు, కొండకి వెళ్లకముందే దించేశారు. కోర్సు అధ్యాపకులు శరభయ్య గారు పచ్చ సిరాతో సంతకం పెట్టారు. సంతకం పడ్డాక జరగకపోవడానికి వీల్లేదు కనుక అన్నీ అలాగే జరిగాయి. ఇప్పటికీ జరుగుతున్నాయి. తలరాత బ్రహ్మ రాస్తాడని పేరేగానీ, రికార్డు రాత ముందు ఆయనది రఫ్ కాపీ.

పన్నెండో నంబరుకి పాము కనిపిస్తుంది. పంతొమ్మిదికి చెప్పు తెగుతుంది. యాభై ఒకటో నంబరు రికార్డులో ‘సూర్యోదయం మనోహరం’ అని రాసి ఉంది. ఇప్పుడు కాలేజీ బస్సు కొండ చేరేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది కాబట్టి ఆ గురువారం సూర్యుడు రెండోసారి ఉదయిస్తాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అలవాటుపడి ఆ రోజు పొద్దుటి పాలు రెండుసార్లు పితుకుతారు.

మొదటి ఏడాది కాలు విరిగాక కాలేజీ కొత్త తాడు కొంది. కానీ రికార్డు నాలుగో పేజీలో ‘తాడు పాతది’ అని ఉండటంతో అది స్టాఫ్ రూము బీరువాలో, సీలు విప్పకుండా, పదకొండేళ్లుగా క్షేమంగా ఉంది. క్షేమంగా ఉన్నది అదొక్కటే. ఇప్పటికి పన్నెండు ఎడమ కాళ్లు విరిగాయి. కాలం మారింది, కాలు మారలేదు.

ఈ ఏడు ముప్ఫై ఏడో నంబరు గుంజి మైథిలికి వచ్చింది. మైథిలి కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కింది. జనవరి ఎనిమిదిన పదహారు వందల మీటర్ల పరుగు. రెండేళ్లుగా రోజూ తారు రోడ్డు మీద ఆమె పరుగెత్తింది ఆ ఒక్క పరుగు కోసం.

పోయినేటి ముప్ఫై ఏడు, చలపతి అనే కుర్రాడు, తన రికార్డుతో పాటు చంకకర్ర కూడా తెచ్చిచ్చాడు.

“కాలు విరిగే పదకొండో పేజీ దగ్గర అట్టే ఆలోచించబాకమ్మా, రాసెయ్. కట్టు కట్టేవాళ్లు ముందే వచ్చి కూర్చుంటారు. మంచోళ్లు. నాకు టీ కూడా పోశారు.”

మైథిలి పదకొండో పేజీ దించలేదు. ‘ఎక్కాను. దిగాను. కాలు బాగుంది’ అని సొంతంగా రాసింది. శరభయ్య గారు ఎర్ర సిరాతో కొట్టేశారు.

“పన్నెండేళ్లుగా అందరికీ ఒకటే జరిగింది. నీకొక్కదానికే వేరేగా ఎట్టా జరుగుద్దమ్మా?”

“ఇంకా కొండకి పోలేదు గదండీ.”

“పోకముందే ఇన్ని తప్పులా?” అని ఆయన తండ్రిని పిలిపించారు.

తండ్రి ఆర్టీసీ కండక్టరు, పేరు ఏడుకొండలు. పేరులో ఏడు ఉన్నా ఈ ఒక్క కొండ దగ్గర ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “జనవరిలో పరుగుంది సార్ పిల్లకి,” అన్నాడు.

“పరుగు మా సిలబస్‌లో లేదండీ. ఇక్కడ పడితేనే మార్కులు పడతాయి.”

“పోనీ ఆ పాము నంబరు ఇప్పించండి. కరవదు గదా?”

“కరవదు. అందుకే ఖాళీ లేదు. అది సిఫారసు మీద ఇచ్చే నంబరు.”

“మానేస్తే?”

“తప్పనిసరి కోర్సండీ, మానేస్తే డిగ్రీ రాదు. పట్టా కావాలంటే పట్టు వదలాలి. అయినా ఈ అమ్మాయి మానేస్తే లిస్టు ఒకటి పైకి జరుగుద్ది. ముప్ఫై ఎనిమిది ముప్ఫై ఏడవుద్ది. ఆ పిల్ల పడుద్ది.”

ఏడుకొండలు నేల చూపులు చూసి, “ఎడమ కాలేగా సార్?” అని అడిగాడు.

“ఎడమదే. రాతపూర్వకంగా ఉంది.”

“పక్కూరి కాలేజీలో రెండూ అంట,” అంటూ ఆయన హామీ పత్రం మీద సంతకం పెట్టాడు. ‘ఏం జరిగినా కాలేజీకి సంబంధం లేదు. ఏమీ జరగకపోతే బాధ్యత మాది’ అని ఉంది అందులో.

మైథిలి క్లాసులో నిలబడి, ఈసారి ఎవరూ దించొద్దని అడిగింది. ఎవరూ నవ్వలేదు. అప్పటికే అందరూ దించేశారు. ముప్ఫై ఎనిమిదో నంబరు పిల్ల తన ఎడమ మోకాలి మీద చేయి వేసుకుని కూర్చుంది. స్నేహితురాలు హసీనా, నలభై రెండో నంబరు, మైథిలి చెయ్యి పట్టుకుంది.

“నేను స్ట్రెచర్ మోసినట్టుందే నా బుక్కులో. నువ్వు పడకపోతే నేను ఎవర్ని మొయ్యాలి? ఇరవై మార్కులే.” తర్వాత ఓదార్పుగా, “కుదుపు లేకుండా మోస్తాలే,” అంది.

మైథిలి ముప్ఫై ఎనిమిదో నంబరు మోకాలి వైపు చూసింది. ఆ సాయంత్రం పదకొండో పేజీ దించింది. దస్తూరీ ముత్యాల్లా ఉందని శరభయ్య గారు మెచ్చుకున్నారు.

గురువారం ఏడుకొండలు సెలవు పెట్టి కొండ దగ్గరికి వచ్చాడు. ఇంట్లోంచి తెచ్చిన బొంత నాలుగు మడతలేసి బండ కింద పరిచాడు. దాని పక్కన చేతులు చాపుకుని నిలబడ్డాడు. పైన అంచు మీద మైథిలి పాత తాడు పట్టుకుని ఉంది.

శరభయ్య గారు పుస్తకం తిరగేశారు. “కింద ఎవరూ లేరని ఉందండీ. మీరు పక్కకి జరగాలి.”

“నాన్నా, ఆడే ఉండు,” అంది పైనుంచి మైథిలి.

“నేనుంటే తప్పేంది సార్?”

“మీరుంటే అమ్మాయి రాసింది అబద్ధం అవుద్ది. మార్కులు పోతాయి.”

ఏడుకొండలు బొంత చుట్టి చంకలో పెట్టుకుని రెండడుగులు జరిగాడు.

“ఇంకొంచెం,” అన్నారు శరభయ్య గారు.

ఇంకొంచెం జరిగాడు. అక్కడ మిగతా యాభై తొమ్మిది మంది పిల్లల అమ్మానాన్నలు అప్పటికే నిలబడి ఉన్నారు. కాస్త సర్దుకుని ఆయనకి చోటిచ్చారు.