మామగారి కార్డు

ఆ ఉదయం చిన్నకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెట్టె తీసుకుని ఆఫీసుకు వెళ్ళాలి, కెమెరా ముందు నిటారుగా కూర్చోవాలి, అడిగినదానికి జవాబు చెప్పి ఇంటికి రావాలి. ఇందులో తప్పు జరగడానికి సందు లేదు. కొంపలు మునిగేది సందు లేనిచోటే అని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె ఉద్యోగం ఒక కార్డులాటకు కొత్త కార్డులు తయారు చేయడం. ఈ ఆటలో రాజు, రాణి, ఆసు ఉండవు. రాక్షసులు, కోటలు, మంత్రగత్తెలు ఉంటారు. ఫలానా కార్డుకు ఇంత బలం, బల్ల మీదకు దించడానికి ఇంత ఖర్చు, ఇదీ దాని శక్తి అని కార్డు మీదే అచ్చు వేసి ఉంటుంది. ఆడేవాళ్ళు పొట్లాలు కొని కార్డులు పోగుచేసుకుంటారు, దొరకని కార్డు కోసం తిండి మానేస్తారు. ఏటా ఒక కొత్త సెట్టు వస్తుంది. అమ్మకానికి ముందు అందులోంచి నాలుగు కార్డులు చూపించి కంపెనీ జనాన్ని ఊరిస్తుంది. ఆ ఊరించే రోజు ఇదే. ఈసారి సెట్టు మొత్తం చిన్నకోడలు చేసినదే.

ఎవరెంత వివరించినా మామగారి లెక్కలో అది పేకే. ఆయన తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. సొంత తమ్ముడు పేకాటలో ఇల్లు పోగొట్టుకున్నాక ఆయన గడప లోపలికి ఒక్క ముక్క కూడా రానివ్వలేదు. కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "ఆఫీసు" అని ఊరుకునేవారు. మాటను కూడా ఆయన తూచే ఇచ్చేవారు, రవ్వంత మొగ్గు లేకుండా. ఆయన హాల్లోకి అడుగుపెడితే మిగతావాళ్ళు మాట మధ్యలో ఆపేసేవారు. అలా సగంలో ఆగిపోయిన మాటలు ఆ ఇంట్లో చాలా పేరుకుపోయాయి.

అలాంటి మనిషి ఆ ఉదయం పేపరు దించకుండానే అడిగారు.

"ఆ కార్యక్రమం ఎన్నింటికమ్మా?"

చిన్నకోడలు కప్పు బల్ల మీద పెట్టి ఆయన వైపు తిరిగింది. "పదకొండింటికి, మామయ్యా."

"టీవీలో వస్తుందా?"

"వస్తుంది మామయ్యా. ఆయన పెడతారు."

"సరే. చూద్దాం."

ఆ ఒక్క "చూద్దాం" కోసం ఆమె ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఎదురుచూస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తడి కళ్ళతోనే అల్మరా మీద కుడివైపున్న రేకు పెట్టె తీసుకుని, చుట్టూ టేపు బిగించి సంచిలో పెట్టుకుంది. తయారు చేసినవాళ్ళే పెట్టెకు సీలు వేయాలి, అది ప్రేక్షకుల ఎదుటే తెరుచుకోవాలి, ఈలోగా ఎవరూ తొంగిచూడకూడదు. అది కంపెనీ పెట్టుకున్న ఆచారం.

అల్మరా మీద అలాంటి పెట్టెలు రెండున్నాయి. ఒకదానిలో ప్రెస్సు నుంచి వచ్చిన తళతళలాడే ఆ నాలుగు నమూనా కార్డులు. రెండోదానిలో వాటి చీటీలు. కార్డుకు బొమ్మా, గంభీరమైన పేరూ రాకముందు దాన్ని ఆడి చూడాలి కదా. అందుకని కాగితం ముక్క మీద చేత్తో రాసి, ప్లాస్టిక్ తొడుగులో దూర్చి ఆడతారు. ఆ చీటీకి పేరు ఎవరికి తోచింది వాళ్ళు పెట్టుకుంటారు. ఒకాయన కూరగాయల పేర్లు పెడతాడు. చిన్నకోడలు చుట్టాల వరసలు పెట్టింది. గుణం తెలిసిన మనిషి అయితే బలం గుర్తుంటుందని ఆమె సిద్ధాంతం. ఎటూ అచ్చులో అవి ఉండవు. తోడికోడలు కాస్తా 'జంట శిఖరాల మంత్రగత్తె' అవుతుంది, అత్తగారు 'మారుమోగే గుహ' అవుతుంది. ఎవరి పరువూ పోదు.

అసలు పెట్టెను ఆమె ముందురోజే కుడివైపు పెట్టుకుంది. తెల్లవారాక అత్తగారు పెట్టెలు దించి అల్మరా దుమ్ము దులిపారు.

ఆఫీసులో కార్యక్రమం నడిపే మనిషిని అందరూ 'మైకు' అంటారు, ఆయనకు దాని అవసరం లేదు గనక. మైకు కెమెరా ముందు టేపు కోసి, కళ్ళు మూసుకుని, పైనున్న కార్డు తీసి గాల్లోకి ఎత్తాడు. కళ్ళు తెరిచి చూస్తే నీలం సిరాతో చేతిరాత. లోకం చూస్తుండగా తెల్లమొహం వేయడం ఆయన వృత్తిలో లేదు. చదివేశాడు.

"తోడికోడలు! ఖర్చు నాలుగు. శక్తి ఏంటంటే, పక్కనున్న కార్డు బలం ఎంతైనా సరే, దీని బలం దానికంటే ఒకటి ఎక్కువ!"

చిన్నకోడలు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి, ఇది కాదు. పొరపాటున వేరే పెట్టె..."

"విన్నారా! ఇది కాదట! అంటే అసలు సినిమా ఇంకా ముందుంది!" అన్నాడు మైకు.

అద్దం వెనక నుంచి బాసు చూస్తున్నాడు. ఆయన మొహం మొదట పాలిపోయింది. తర్వాత పక్కనున్న తెర మీద చూసేవాళ్ళ సంఖ్య ఇంతకింతైంది. దాంతో ఆయన మొహానికి రంగు తిరిగొచ్చి, చేత్తో గాల్లో సున్నాలు చుట్టసాగాడు, కానివ్వండి కానివ్వండి అన్నట్టు. చిన్నకోడలి ఒళ్ళో ఫోను వణికింది. తోడికోడలు.

"అది నేనేనా?"

కక్కలేక మింగలేక ఆమె కూర్చుని ఉండగానే రెండో సందేశం వచ్చింది. "ఒక్కటే ఎక్కువా?"

మైకు రెండో చీటీ తీశాడు. "అత్తగారు! ఖర్చు తొమ్మిది! మొదటి వంతులో చేసిన పనిని ప్రతి వంతులోనూ మళ్ళీ చేస్తుంది. ఏ కార్డూ దీన్ని ఆపలేదు!"

ఈసారి సందేశం మొగుడి నుంచి. "అమ్మ చెప్పమంది: ఒకసారి అన్నమాట మళ్ళీ అనే అలవాటు తనకి లేదట." కాసేపటికి అదే సందేశం మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఇంకోసారి వచ్చింది.

ఇక లాభం లేదనుకుని చిన్నకోడలు మోచేత్తో మంచినీళ్ళ గ్లాసును తోసింది. నీళ్ళు బల్లంతా పారాయి. మైకు పెట్టెను నెత్తి మీదకు ఎత్తుకుని, "చూశారా, కన్నతల్లే అడ్డుపడుతోంది, లోపల ఏం దాచిందో!" అన్నాడు. చీటీలకు ప్లాస్టిక్ తొడుగులు ఉన్నాయి. తడిసింది ఆమె ఒడి మాత్రమే.

"మొగుడు! ఖర్చు ఒకటి! ఇరుపక్షాల మధ్య యుద్ధం మొదలవగానే ఈ కార్డు పడుకుంటుంది!"

ఆ తర్వాత మొగుడి నుంచి సందేశాలు రాలేదు. కార్డు పనిచేయడం మొదలుపెట్టిందని ఆమెకు అర్థమైంది.

మిగిలింది ఒక్కటే. ఆమె లేచి రెండు చేతులతోనూ పెట్టెను పట్టుకుంది. "నాలుగోది వద్దు. దండం పెడతాను, వద్దు." ఆమె గొంతులో నటన లేదని మైకు ఒక్కడికే తెలిసింది. కానీ చీటీ అప్పటికే ఆయన చేతిలో ఉంది, కెమెరా ఆ చేతి మీద ఉంది.

ఆ చీటీ మీద రెండు లైన్లున్నాయి. మొదటిది ఆమె కొత్తకోడలిగా ఉన్నప్పుడు, హాల్లో నోరు మెదపలేక గదిలోకి వచ్చి, ఏడుపు దిగమింగుకుంటూ రాసింది. రెండోది చాలా కాలానికి వేరే సిరాతో చేర్చింది. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టమొకాయన అందరి ముందూ "పేకాటకి జీతం కూడా ఇస్తున్నారా?" అని నవ్వాడు. మామగారు తలెత్తి, "ఆ జీతం నిన్నేమైనా అడిగారా?" అన్నారు. అంతే, చుట్టం కుక్కినపేను అయ్యాడు. ఆ రోజు ఆమె రెండో లైను రాసింది. లోకం మాత్రం మొదటి లైనే ముందు వింటుంది. రేపటి నుంచి "చూద్దాం" అన్న మనిషి మొహం ఎలా చూడాలి?

మైకు చదివాడు. ఎందుకోగాని గొంతు తగ్గించి చదివాడు.

"మామగారు. ఖర్చు ఏడు. ఈ కార్డు బల్ల మీద ఉన్నంతసేపూ మన కార్డులేవీ నోరెత్తవు. శత్రువు ఎవరైనా సరే, ముందు దీన్ని దాటాలి."

ఫోను వణకలేదు. తిట్టు కంటే అది భయంకరంగా ఉంది.

బాసు పరుగున వచ్చాడు. "అమ్మా, జనం వెర్రెత్తిపోతున్నారు. మా ఇల్లే, మా ఇల్లే అంటున్నారు. సెట్టు మొత్తం ఈ పేర్లతోనే అచ్చు వేద్దాం. మీ ఇంట్లోవాళ్ళకి అభ్యంతరం ఉండదుగా?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆమెకు అప్పుడు బోధపడింది. పెట్టె సంచిలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

గుమ్మం బయటికే గొడవ వినిపించింది. లోపల తనను ఉతికి ఆరేస్తున్నారనుకుని గుండె చిక్కబట్టుకుని అడుగుపెట్టింది. తీరా చూస్తే గొడవ వేరు.

"నా ఖర్చు తొమ్మిది, నీది నాలుగు. అందరిముందూ చదివారుగా? తొమ్మిది!" అంటున్నారు అత్తగారు. "ఆయనకి కూడా ఏడే. తొమ్మిది నాకే!"

"ఖర్చుదేముంది అత్తయ్యా, బలం చూడాలి. మీ పక్కన నన్ను పెట్టండి, మీకంటే ఒకటి ఎక్కువే!" అంటోంది తోడికోడలు. చిన్నకోడలిని చూడగానే ఇటు తిరిగింది. "ఆ ఒకటిని రెండు చేయొచ్చు కదే!"

మొగుడు సోఫాలో కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. మామగారు వచ్చారు. మాటలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆయన కుర్చీలో కూర్చుని చెయ్యి చాపారు.

"ఏదీ, నాది ఇవ్వమ్మా."

చిన్నకోడలు పెట్టె తెరిచి చీటీ తీసి ఇచ్చింది. తమ్ముడి ఇల్లు పోయిన నాటి నుంచీ ముక్క ముట్టని చెయ్యి అది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, చీటీని దూరంగా పట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"రెండో లైను సరిగ్గానే ఉంది. మొదటిది ఎప్పుడు రాశావు?"

"ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, మామయ్యా."

"ఎందుకు?"

తప్పించుకునే జవాబులు ఆమెకు చాలానే తోచాయి. అన్నీ అలసటగా అనిపించాయి. "మీరు వస్తే నాకు మాట రాదు మామయ్యా. భయం కాదు. ఏం మాట్లాడినా మీకు తక్కువ తూగుతుందేమో అని. నాకే కాదు, ఇక్కడ ఎవరికీ రాదు."

ఆయన అందరి మొహాల్లోకీ చూశారు. అందరూ నేలను చూశారు. "నేను ఎవర్నీ మాట్లాడొద్దు అనలేదే?"

"అనక్కర్లేదు," అన్నారు అత్తగారు. ఆ మాట ఆవిడ ఒక్కసారే అన్నారు.

మామగారి మొహంలో కోపం కోసం వెతికిన చిన్నకోడలికి కోపం కనపడలేదు. ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళ తూకపు రాళ్ళన్నీ సరిచూసి, ఇంట్లో తూకం ఒక్కనాడూ చూసుకోని మనిషి మొహం కనపడింది. ఆమెకు ఆయన మీద జాలి వేసింది, దాని వెంటే దగ్గరితనం కలిగింది.

"పెన్ను ఉందా?"

ఇచ్చింది. దొంగ రాయిని రద్దు చేసినంత శ్రద్ధగా ఆయన మొదటి లైను మీద అడ్డంగా గీత కొట్టారు. "ఇప్పుడు ఆటకి పనికొస్తుందా?"

"బలం మరీ ఎక్కువైపోతుంది మామయ్యా. ఖర్చు పెంచాలి."

"పెంచు. ఈ పేరుతోనే వేసుకోమను మీవాళ్ళని." ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అందరూ కూర్చోండి. ఎలా ఆడతారో చెప్పమ్మా. ఏవైనా చెప్పాల్సినవి ఉంటే ఎవరైనా చెప్పొచ్చు."

ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత అత్తగారు మొదలుపెట్టారు. ఆవిడ వెనకే తోడికోడలు అందుకుంది, సోఫాలోంచి మొగుడు లేచి కూర్చుని చిన్నప్పటి సంగతి ఒకటి తీశాడు. చిన్నకోడలు కూడా గొంతు కలిపింది. సగంలో ఆగిన మాటలన్నీ ఒక్కసారే బయటపడ్డాయి.

కాసేపటికి మామగారు కొట్టేసిన లైను వైపు చూసుకుని, పెన్ను మళ్ళీ అడిగారు.