అంకితం పేజీ అపహరణ

"అక్కా! ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికిపోయినవాళ్ళు, దొరికిపోబోతున్నవాళ్ళు!"

గ్రంథాలయం గుమ్మంలో నిలబడి ప్రకటించాడు డేగకన్ను. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో కొలువు, సాయంత్రాలు అపరాధ పరిశోధన. ఇంతవరకూ దొరికినవాడు ఒక్కడూ లేడు కాబట్టి లోకమంతా రెండో రకమే.

"సర్లే, తలుపు దగ్గరకేసి లోపలికి రా," అంది అక్క. ఆ గ్రంథాలయం నడిపేది ఆవిడే. ఇవాళ నవ్వే ఓపిక లేదు.

మర్నాడు ఒక రచయిత జయంతి సభ. తెల్లదొరల కాలంలో ఒకే ఒక్క నవల రాసి కన్నుమూశాడాయన. 'దొరల గుండెల్లో నిద్రపోయిన కలం వీరుడు' అని గోడలన్నిటి మీదా రాయించారు. సభలో చదువుదామని ఊరి బడి పంతులమ్మ ఆ నవల తెరిస్తే మొదటి పేజీ లేదు. ఉన్నది అదొక్కటే ప్రతి. రచయిత మనవడే గ్రంథాలయ సంఘం అధ్యక్షుడు. "ఈ రాత్రిలోగా తేల్చండి, లేదా ఉద్యోగం వదులుకోండి," అని అక్క మొహం మీదే అనేశాడు.

డేగకన్ను భూతద్దం తీశాడు. "పేజీ కాదిది. హత్య!"

"ఎవర్ని చంపారు?" అంది పంతులమ్మ.

"అది శవం దొరికాక చెప్తాను."

"ఆయన పోయి తొంభై ఏళ్ళు దాటింది నాయనా!"

"చూశారా, ఎంత పాత కుట్రో!"

"కానివ్వండి, కానివ్వండి," అన్నాడు అక్కడే కూర్చున్న మనవడు హాయిగా. ఇలాంటి డిటెక్టివ్ దొరకడం అతని అదృష్టం.

డేగకన్ను పుస్తకాన్ని వాసన చూసి మూడుసార్లు తుమ్మాడు. "విదేశీ విషం!"

"దుమ్మురా," అంది అక్క.

"అయితే ప్రత్యక్ష సాక్షిని ప్రశ్నించాలి!" అంటూ గోడమీదున్న రచయిత వర్ణచిత్రం ముందు కుర్చీ వేసుకుని ఎక్కాడు. కుర్చీ ఒరిగింది. చిత్రాన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ కింద పడ్డారు. జేబులో ఉన్న అద్దాలు తుడిచే మందు సీసా భళ్ళున పగిలి బొమ్మంతా తడిపేసింది. కంగారుగా రుమాలుతో తుడిస్తే, రచయితగారి నల్లకోటు నలుపు ఊడొచ్చింది. దాని కింద బంగారు పతకం. పతకంలో దొరల రాణిగారు.

"ఓహో! రాణిగారే ఈయన గుండెల మీద పడుకుందన్నమాట," అంది అక్క.

మనవడు మండిపడ్డాడు. "పెయింటరు వెధవ! ఎన్నటికీ ఊడదన్నాడు! పేజీ చింపినంత తేలిగ్గా ఇదీ..." నాలిక కరుచుకున్నాడు.



"ఆ పేజీలో ఏముంది?" అంది పంతులమ్మ.

"అంకితం. దొరగారి పాదపద్మాలకి," గొణిగాడు మనవడు. "అప్పట్లో అందరూ రాసేవాళ్ళమ్మా."

అక్క లేచి నిలబడింది. "మీ తాతగారు ఎవరి కాళ్ళు పట్టుకున్నారో ఆయన ఇష్టం. దాన్ని కప్పెట్టడానికి నా పొట్ట కొడతారా?"

"మీ ఉద్యోగానికి వచ్చిన ఢోకా ఏమీ లేదు..."

"ఆ మాట రేపు సభలో అనండి. పేజీ ఎవరు చింపారో కూడా."

మనవడికి తలూపక తప్పలేదు. సాక్షిగా పంతులమ్మ ఎదురుగా ఉంది మరి.

చిత్రం పక్కనుంచి డేగకన్ను మెల్లగా లేచాడు. "నాకు మొదట్నుంచీ అనుమానమే!"

"ఎవరి మీద?" అంది అక్క.

అతను చొక్కా దులుపుకుని గొంతు తగ్గించాడు.

"నీ మీదే. తోడబుట్టినదానివని ఊరుకున్నాను."