అత్తగారి రికార్డుకు తాళం

ఈ లోకంలో శాశ్వతమైనది ఒక్కటే: మన రికార్డు ఎప్పుడూ ఇంకొకరు తెరిచి పెట్టుకుని ఉంటారు.

మా అత్తగారికి జ్వరం తగ్గింది. ఇంటికి పంపొచ్చని డాక్టరు చెప్పగానే సంచీ ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రి మంచం అంచున కూర్చున్నారు. "ఈ రాత్రికి నా మంచం మీద నేను పడుకుంటే చాలు అల్లుడుగారూ" అన్నారు. (ఆవిడ నన్ను కోరిన మొదటి కోరిక ఇది. మిగిలినవన్నీ ఆజ్ఞలే.)

అయితే కంప్యూటర్లో ఒకరు తెరిచిన రికార్డుకు మిగతా అందరికీ తాళం పడుతుంది. ఇంటికి పంపాలంటేనేమో మందుల రికార్డూ, మంచం రికార్డూ రెండూ ఒకరి చేతిలోనే ఉండాలి. మందుల కౌంటరాయన మందుల రికార్డు పట్టుకుని, మంచం రికార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. పక్క కుర్చీలో మంచాల కౌంటరావిడ మంచం రికార్డు పట్టుకుని, మందుల రికార్డు కోసం ఎదురుచూస్తోంది.

"ముందు మీది మూసెయ్యొచ్చుగా?" అన్నాను ఆయనతో.

"మూస్తే మళ్లీ దొరుకుతుందా సార్? మీ అత్తగారు చేరిన రోజు తెరిచాను, ఇంతవరకూ మూయలేదు" అన్నాడు గర్వంగా. బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినవాడి ధీమా అది.

"పోనీ, పక్కావిడకైనా చెప్పండి."

"శాఖల మధ్య మాటలు కంప్యూటర్లోనే జరగాలండీ. రూలు."

నాకు ఒళ్లు మండింది. కౌంటర్ల వెనకే కూర్చున్న తాళాల సమన్వయాధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన తొణక్కుండా విన్నారు.

"గడువు దాటగానే యంత్రమే ఒకరిని బయటికి నెట్టేస్తుంది. వాళ్లు ఎక్కించినదంతా చెరిపేసి, మొదట్లో ఎలా ఉందో అలా చేస్తుంది."

"ఎవరిని నెడుతుంది?"

"తక్కువ పని చేసినవాళ్లని."

(కౌంటర్లలో ఇద్దరూ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు.)

యంత్రం మందుల ఆయన్ని ఎంచుకుంది. అత్తగారు చేరిన రోజు నుంచీ ఆయన ఎక్కించిన మందులూ, జ్వరం తగ్గిందన్న మాటా మాయమై, రికార్డులో చేరిన రోజు జ్వరమే మిగిలింది. కాసేపటికి నర్సు స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చింది.

"ఇంత జ్వరంతో ఆవిణ్ణి కూర్చోబెట్టారేంటండీ?"

"నాకేం జ్వరం లేదమ్మా, చెయ్యి పెట్టి చూడు" అన్నారు అత్తగారు.

"మీకు తెలీదు లెండి, పెద్దవారు" అంది నర్సు స్క్రీన్ వంకే చూస్తూ.

రికార్డు సరిచూసేదాకా అధికారి దానికి తాళం వేయించారు; తాళం తీసేదాకా మంచమూ లేదు, ఇల్లూ లేదు. మధ్యాహ్నమంతా అత్తగారు నడవాలో, ఏసీ గాలికింద, స్ట్రెచర్ మీద సంచీ పట్టుకుని పడుకున్నారు. సాయంత్రానికి నిజంగానే ఆవిడ ఒళ్లు కాలిపోసాగింది.

రికార్డుకీ రోగికీ ఇప్పుడు తేడా ఏమీ లేదని నిర్ధారించుకుని, అధికారి తాళం తీయించారు.