పదకొండో నంబరు స్తంభం

"ఇనుప కట్టడాల చరిత్ర ఇవాళ మలుపు తిరుగుతోంది" అని నిర్మాణ శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను ఆయనకి సరిగ్గా ఆరడుగుల దూరంలో ఉన్నాను. డిజైన్ ఆఫీసులో డ్రాయింగులు ప్రింటు తీసే ప్లాటర్ నాది. నాదంటే ప్రభుత్వానిదే, నడిపేది నేను. ఇరవై రెండేళ్లుగా పెద్దవాళ్ల నిర్ణయాలన్నీ ముందు నా కాగితం రోలు మీద పడి, తర్వాతే జనం మీద పడుతున్నాయి. అందుచేత ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు.

"కొత్త బస్‌స్టేషన్ హాలు. మొత్తం స్టీలే. కంప్యూటర్లో దాని త్రీడీ మోడల్ ఏడు రోజుల్లో పూర్తవుతుంది. పాత పద్ధతిలో ఏడు నెలలు పట్టేది. తేడా ఎక్కడొచ్చింది?"

విలేకరులు పెన్నులు ఎత్తారు.

"వర్క్‌ఫ్లో!" అన్నారు మంత్రిగారు.

చప్పట్లు మోగాయి. ఆ మాటకి అర్థమేమిటని ఎవరూ అడగలేదు. మంత్రిగారు మాత్రం కారెక్కే ముందు మా చీఫ్ ఇంజనీరుని అడిగారు.

ఆ వర్క్‌ఫ్లో మా ఆఫీసులో ఎడమవైపు మూడో బల్ల దగ్గర కూర్చుంటుంది. వయసు ముప్ఫై. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. అందరూ పిలిచేది త్రీడీ అని.

"ముందు గ్రిడ్ గీసుకుంటానండి, ఏ స్తంభం ఎక్కడ నిలబడాలో తేలిపోతుంది" అని, చీఫ్ పిలిపిస్తే వచ్చి మంత్రిగారికి చెప్పింది త్రీడీ. "తర్వాత ఒక్క ఫ్రేము చేస్తాను. అటొక స్తంభం, ఇటొక స్తంభం, నడిమధ్యన ఇంకొకటి, పైన దూలాలు. బోల్టుతో సహా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తాను. అది కుదిరాక మిగతా ఇరవై ఫ్రేములూ కాపీ. డ్రాయింగులు, స్టీలు ముక్కల జాబితా మోడల్ నుంచే వాటంతటవే వస్తాయి."

మంత్రిగారి కళ్లు మెరిశాయి. "ఒకటి చేసి మిగతావి కాపీ కొట్టడం మా శాఖలో ఎప్పట్నుంచో ఉందమ్మా. దానికి ఇంత మంచి ఇంగ్లీషు పేరుందని ఇవాళే తెలిసింది."

త్రీడీ ఆ పని ఆరు రోజుల్లో ముగించింది. ఏడో రోజు చీఫ్ ఆమె కుర్చీలో కూర్చుని ఫోటోలు దిగారు.

ఎనిమిదో రోజున మంత్రిగారు మోడల్లో నడిచారు. అంటే, ఆయన సోఫాలో కూర్చుంటే త్రీడీ మౌస్ నడిపింది. పెద్ద తెర మీద హాలు తలుపు తెరుచుకుంది. ఎదురుగోడ మీద మంత్రిగారి పన్నెండు అడుగుల ఫోటో. పీఏ ప్రత్యేకంగా పంపి పెట్టించినది.

"ఆగు! నా ముఖానికి అడ్డంగా అదేంటి?"

"పదకొండో నంబరు స్తంభమండి."

"ఎవరు పెట్టారు?"

"కప్పు బరువు పెట్టిందండి."

"తీసెయ్యి" అన్నాడు పీఏ.

"తీస్తే కప్పు ఆగదండి. ఫోటోని ఒక రెండు మీటర్లు పక్కకి జరిపితే..."

పీఏ గొంతు తగ్గించి, "ఏమ్మా, మంత్రిగారిని పక్కకి జరపమంటున్నావా?" అని అడిగాడు.

ఇలాంటి గడ్డుసమయాల్లోనే మా చీఫ్ ప్రతిభ బయటపడుతుంది. ఆయన చిరునవ్వు నవ్వి, "తియ్యడమెందుకు? దాచమ్మా" అన్నారు.

త్రీడీ కదల్లేదు. చీఫ్ స్వయంగా వంగి, ఆ స్తంభాన్ని ఎంచుకుని, ఒక్క మీట నొక్కారు. స్తంభం మాయం. మంత్రిగారి ముఖం పూర్ణచంద్రుడిలా వెలిగింది. గోడ మీదా, సోఫాలోనూ. తర్వాత చీఫ్ బరువుల లెక్క నడిపించారు. హాలంతా ఆకుపచ్చగా మారింది. పాస్!

"చూశారా సార్! స్తంభమూ లేదు, కప్పుకి ఢోకా లేదు."

"ఇదే వర్క్‌ఫ్లో!" అన్నారు మంత్రిగారు. ఇప్పటికి ఆయనకి ఆ మాట పూర్తిగా అర్థమైంది.

కార్లు వెళ్లిపోయాక త్రీడీ చీఫ్ గదికి వెళ్లింది. సంతకాల కోసం షీట్లు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, దాచిన స్తంభాన్ని బరువుల లెక్క ఉన్నట్టే చూస్తుంది గానీ, డ్రాయింగులోకి అది రాదు. ఫ్యాక్టరీవాళ్లు స్టీలు కోసేది డ్రాయింగ్ చూసే. అక్కడ పదకొండో స్తంభం తయారవ్వదు."

"అంటే లెక్క పాసవుతుంది, ఫోటోకి అడ్డుండదు. ఇందులో నీకొచ్చిన కష్టమేంటి?"

"కప్పు పడుతుంది సార్."

"మోడల్లోనా?"

"మోడల్లో పడదండి."

"మరింకేం!"

"అయితే ఆ ఆర్డరేదో రాసివ్వండి."

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయ్, నిన్ను పర్మనెంట్ చేసే ఫైలు కూడా నోటిమాట మీదే నడుస్తోంది. నడవనీ."

ఆ సాయంత్రం ఎనభై నాలుగు షీట్లు ప్రింటు తీశాను. ఒక్కదాంట్లోనూ పదకొండో స్తంభం లేదు. ఎనభై నాలుగోది బయటికొస్తుండగా త్రీడీ నా పక్కన నిలబడింది.

"బాబాయ్, ఇంకొక్కటి తియ్యవూ? స్తంభం కనబడేట్టు."

"ఎవరికమ్మా?"

"మా నాన్నకి."

వాళ్ల నాన్న బస్‌స్టేషన్‌లో మైకు మాస్టారు. ఏ బస్సు ఎక్కణ్నుంచి బయల్దేరుతుందో ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాడు. కొత్త హాల్లో ఆయనకి అద్దాల గది కట్టిస్తున్నారు. ఏదో షీటులో చూశాను. నడిమధ్యన, పదకొండో స్తంభం ఉండాల్సిన చోటుకి ఆనుకుని.

ఆ ప్రింటు తీసి ఇచ్చాను. రిజిస్టరులో 'చెడిపోయిన కాగితం, ఒకటి' అని రాసుకున్నాను.

మర్నాడు మైకు మాస్టారు ఆ షీటు చంకలో పెట్టుకుని నేరుగా చీఫ్ దగ్గరికే వచ్చాడు. సన్నగా ఉంటాడు. గొంతు మాత్రం ఆయన కన్నా రెండు సైజులు పెద్దది.

"అయ్యా, నా కుర్చీ నెత్తిన ఏముంటుంది?"

"కప్పు."

"దాని కింద?"

"మీరు."

"మధ్యలో?"

చీఫ్ ఎంతో ఓపిగ్గా ఆయన్ని తెర దగ్గరికి తీసుకెళ్లి మోడల్ చూపించారు. "చూడండి. అంతా ఆకుపచ్చ. ఇంకేం కావాలి మీకు?"

మాస్టారు తెర వంక చూశాడు, కూతురి వంక చూశాడు. "ఆ కుర్చీలో నేనేగా కూర్చునేది?" అని షీటు చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఫ్యాక్టరీ స్టీలు కోసింది. సైటులో ఫ్రేములు లేచాయి. ఒకరోజు మేస్త్రీ ఫోను చేశాడు. చీఫ్ స్పీకరు పెట్టి మాట్లాడతారు, కాబట్టి మా అందరికీ ఆ అదృష్టం దక్కింది.

"సార్, మధ్యలో ఒకచోట దూలం జానెడు కిందికి దిగింది. ఇక్కడో స్తంభం మర్చిపోయారా?"

"డ్రాయింగులో ఉందా?"

"లేదండి."

"మరి లేనిదాన్ని ఎలా మర్చిపోతామయ్యా?"

"మిగతా ఇరవై ఫ్రేములకీ ఉంది కదండీ..."

"దూలం ఎంత దిగిందన్నావ్?"

"జానెడండి."

చీఫ్ మోడల్లో కొలిచారు. "నాలుగు మిల్లీమీటర్లే దిగింది. నీ టేపు మార్చుకో."

మేస్త్రీ దూలం కింద ఒక ఇనుప జాకీ ఎత్తి నిలబెట్టాడు. మూడు వారాలు కప్పు దాని మీదే ఆగింది. నాలుగో వారం ఏర్పాట్లు చూడటానికి పీఏ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, అప్పటికే గోడకి ఎక్కించిన ఫోటో వంక చూశాడు. జాకీ అడ్డొచ్చింది. తీయించేశాడు.

ఎల్లుండి ప్రారంభోత్సవమనగా మంత్రిగారు మా ఆఫీసుకి వచ్చారు. ఉత్సాహంగా ఉన్నారు. "ఆ కప్పు కింద మొట్టమొదట కూర్చునేది నేనే. నా కుర్చీ ఎక్కడ వేస్తున్నారు?"

"మీ ఫోటో ముందరండి" అన్నాడు పీఏ.

చీఫ్ దగ్గారు. మళ్లీ దగ్గారు. తర్వాత మంత్రిగారి చెవిలో ఏదో చెప్పారు. మంత్రిగారి ముఖంలో నెమ్మదిగా రంగు మారింది. ఆకుపచ్చలోకి మాత్రం కాదు.

"అయితే ఆ స్తంభం ఇప్పుడు ఎక్కడుంది?"

"మోడల్లో ఉందండి."

మంత్రిగారు ఒక నిమిషం ఆలోచించారు. నాయకుడికీ మామూలు మనిషికీ తేడా ఆ నిమిషంలోనే తెలుస్తుంది.

"అయితే నేను మోడల్లోనే కూర్చుంటాను."

మర్నాడు పేపర్లన్నిట్లో వచ్చింది. ప్రజాధనం, పెట్రోలు, ప్రజల సమయం ఆదా చేయడానికి మంత్రిగారు హాలుని డిజిటల్ పద్ధతిలో ప్రారంభిస్తారు. ప్రజలు మాత్రం స్వయంగా హాలుకి రావాలి.

ప్రారంభోత్సవం రోజు మా ఆఫీసులో రెండు తెరలు పెట్టారు. ఒకదాంట్లో మోడల్, రెండోదాంట్లో సైటు నుంచి ప్రత్యక్ష ప్రసారం. మోడల్లో ఫోటో ముందు మంత్రిగారి బొమ్మని త్రీడీ కూర్చోబెట్టింది. చుట్టూ ప్రజలు కావాలన్నాడు పీఏ. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన మనిషి బొమ్మ ఒకటే ఉంది. సూటు, టై, చేతిలో బ్రీఫ్‌కేసు. దాన్నే మూడొందలు కాపీ కొట్టింది.

"అందరూ ఒకేలా ఉన్నారేం?" అని అడిగారు మంత్రిగారు.

"వర్క్‌ఫ్లో అండి" అంది త్రీడీ.

"క్రమశిక్షణ అంటే అదీ!"

రెండో తెరలో హాలు కిటకిటలాడుతోంది. సంచులు, సూట్‌కేసులు, చంటిపిల్లలు. జనమంతా సరిగ్గా మధ్యలోనే ఉన్నారు, ఫ్యాన్లు అక్కడే ఎక్కువ. త్రీడీ ఆ తెర మీంచి చూపు తిప్పలేదు. ఆమె చేతిలో పెన్సిలు రెండు ముక్కలవడం నేను చూశాను.

మంత్రిగారు మానిటర్‌కి కట్టిన రిబ్బను మీద కత్తెర పెట్టారు. సరిగ్గా అప్పుడే రెండో తెరలోంచి ఒక గొంతు మోగింది.

"ప్రయాణికులకు ముఖ్య మనవి. అన్ని బస్సులూ రోడ్డుకి అవతల పాత షెడ్డు నుంచి బయల్దేరతాయి. అన్ని బస్సులూ. ఇప్పుడే. పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడవండి. పరిగెత్తకండి."

మంత్రిగారి మాట విని జనం ఎన్నడూ అంత వేగంగా కదల్లేదు. ఐదు నిమిషాల్లో హాల్లో ఒక చెప్పూ, ఒక నీళ్ల సీసా మిగిలాయి. మైకు గది ఖాళీ. దాని తలుపులోంచి నల్లటి వైరు ఒకటి నేల మీద సాగి, రోడ్డు దాటి, పాత షెడ్డులోకి పోయింది.

"ఎవడు వాడు?" అని అరిచాడు పీఏ.

"మా నాన్నండి" అంది త్రీడీ.

మంత్రిగారు తొణకలేదు. "ఆ తెర ఆపండి. మన హాలు నిండుగానే ఉందిగా?" అంటూ మొదటి తెర ముందు రిబ్బను కత్తిరించారు. పేపర్లకి ఆ బొమ్మే వెళ్లింది. మూడొందలమంది బ్రీఫ్‌కేసులతో మంత్రిగారిని చూస్తున్నారు. పెద్ద సైజులో ప్రింటు తీసింది నేనే.

మైకు మాస్టారుకి మెమో వచ్చింది. హాలు గౌరవానికి భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలి, సోమవారం నుంచి అద్దాల గదిలోనే కూర్చోవాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు. ఆయన ఒక్క వాక్యంలో జవాబు రాశాడు. 'ఈ మెమో మీద సంతకం పెట్టినవారు నా పక్క కుర్చీలో ఒక్క గంట కూర్చుంటే, నేను వెంటనే చేరతాను.'

న్యాయమైన కోరికే. అయితే మెమో మీద సంతకం పెట్టినది కింది అధికారి. ఆయన పై అధికారి ఆదేశం మేరకు పెట్టాడు. ఆ పై అధికారి ఇంకో శాఖ సలహా మేరకు ఆదేశించాడు. ఎవరు కూర్చోవాలన్న ఫైలు ఏడు బల్లలు తిరిగింది. ప్రతి బల్ల దగ్గరా 'పక్క బల్లవారు తగినవారు' అని రాశారు. మాస్టారు పాత షెడ్డులోంచే బస్సులు పిలుస్తున్నాడు. జనం అక్కడికే పోతున్నారు.

ఫైలు ఏడో బల్ల మీద ఉండగా, ఒక బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకి, హాలు కప్పు కూలింది. మధ్యలో ఐదు ఫ్రేములు నేలకి వచ్చాయి. మైకు గది అద్దాలు పిండి అయిపోయాయి. లోపల ఎవరూ లేరు. పన్నెండు అడుగుల ఫోటోకి గీత కూడా పడలేదు. ఇప్పుడు దాన్ని ఎటునుంచైనా చూడొచ్చు.

విచారణకి ముగ్గురు నిపుణులతో కమిటీ వేశారు. కమిటీవారు ఆ శుక్రవారమే వచ్చారు, మా ఆఫీసుకి. సైటుకి పోవడం క్షేమం కాదని చీఫ్ ముందే చెప్పారు. త్రీడీ మోడల్ తెరిచింది.

"కప్పు ఉందే!" అన్నాడు మొదటి నిపుణుడు.

"మీరు మధ్యలో స్తంభం లేదంటున్నారట?" అని త్రీడీని అడిగాడు రెండోవాడు.

"సైటులో లేదండి. కావాలంటే ఈ షీటు చూడండి" అంటూ త్రీడీ వాళ్ల నాన్న దగ్గరున్న ప్రింటు బల్ల మీద పరిచింది. చెడిపోయిన కాగితం, ఒకటి.

మూడో నిపుణుడు కాగితం మీద వేలు పెట్టి చూశాడు. "ఇందులో స్తంభం ఉందే! మోడల్లోనూ ఉందా?"

చీఫ్ ఒక్క మీట నొక్కారు. పదకొండో నంబరు స్తంభం తెర మీద నిటారుగా నిలబడింది. లెక్క నడిపించారు. హాలంతా ఆకుపచ్చ.

ముగ్గురూ ఒకేసారి తలాడించారు. 'నిర్మాణంలో లోపం లేదు' అని రాసి, ముగ్గురూ సంతకాలు పెట్టి, నాకు ఆరు కాపీలు తియ్యమని చెప్పి లేచారు.

చీఫ్ వాళ్లని గుమ్మం దాకా సాగనంపి వెనక్కి వచ్చారు. తెర వంక చూసి నొసలు ముడిచారు.

"పనైపోయిందిగా, మళ్లీ దాచెయ్యమ్మా. మంత్రిగారి ముఖం కనబడటం లేదు."