శాంపిల్ మంచు

ఆ శీతాకాలం మొదట్లో నా చేతిలో ఉన్న ఆస్తులు ఇవి. ఒక ఐసు ఫ్యాక్టరీ, అందులో దగ్గుతూ నడిచే ముసలి కంప్రెసరు, దాని బదులు కొత్తది కొనడానికి బ్యాంకులో వేసుకున్న డిపాజిట్టు, ఒక భార్య, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు. ఆవిణ్ణి ఆస్తుల్లో ఎందుకు చేర్చానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ఐసు వ్యాపారం సంగతి మీకు తెలియనిదేముంది. లోకం చెమటలు కక్కుతుంటే మేం నవ్వుతాం. లోకం దుప్పట్లు కప్పుకుంటే మేం ఈగలు తోలుకుంటాం. చలికాలం కదా, ఆ ఈగలు కూడా సరిగ్గా రావు.

పిల్లలకు పెద్ద సెలవులు వేసవిలో. నాకు సీజనూ వేసవిలోనే. అందుచేత పెళ్ళయిన దగ్గర్నుంచీ మా కుటుంబమంతా కలిసి చేసిన అతి దూర ప్రయాణం పంటి డాక్టరు దగ్గరికి. ఆయన ఆసుపత్రి మా సందు చివర.

ఒక సాయంత్రం నేను అన్నానికి కూర్చుంటే కంచం పక్కన మా ఆవిడ ఒక నిగనిగలాడే కాగితం పెట్టింది. దాని నిండా తెల్లటి కొండలు. కొండల ముందు ఎర్ర స్వెట్టర్లేసుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కుటుంబం ఒకటి.

"మా తమ్ముడు ఇచ్చాడు," అంది.

మా బావమరిది టూర్లు అమ్మే ఆఫీసులో పనిచేస్తాడు. మేం అతన్ని ప్యాకేజీ అంటాం. ఒంట్లో ఎలా ఉందోయ్ అని అడిగినా "అన్నీ కలిపి బాగుంది బావగారూ" అంటాడు.

నేను ఏ కాగితమైనా కిందనుంచి పైకి చదువుతాను. కింద ఉన్న అంకె చూశాను. కొత్త కంప్రెసరు ధర కూడా సరిగ్గా అంతే. కంప్రెసరైతే పదేళ్ళు చల్లబరుస్తుంది. ఇది ఒక్క వారం.

"మంచు చూడ్డానికి ఇంతా?"

"చూడ్డానికే కాదు నాన్నా, దొర్లడానికి కూడా," అన్నాడు చిన్నాడు.

"ఒరే, నేను అమ్మేదే మంచు. నేను డబ్బులు పోసి మంచు చూడ్డానికి వెళ్ళడమంటే, దర్జీ రైలెక్కి వెళ్ళి ఇంకో ఊళ్ళో ఆరేసిన చొక్కాలు చూసొచ్చినట్టు."

"నువ్వు అమ్మేది ఐసు. మంచు వేరు," అంది మా అమ్మాయి. చదివేది తొమ్మిదో తరగతే గానీ ఇంట్లో అందరం దాన్ని లాయరుగారు అంటాం.

"రెండూ నీళ్ళే."

"టీ కూడా నీళ్ళే. టీకొట్టు పెట్టకపోయావా?"

నేను కేసు ఓడిపోతున్నట్టు అనిపించి మా ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ గోడ వైపు చూస్తోంది.

"ఆ ఫోటోలు చూడండి. పాప బడిలో చేరిన రోజు, మీరు లేరు. చిన్నాడికి బహుమతి వచ్చిన రోజు, లేరు. మీరున్నది ఆ ఒక్కదాంట్లో, ఐసు దిమ్మ మీద చెయ్యేసుకుని. అందులో మేం లేం. నలుగురం కలిసి ఇల్లు దాటి దిగిన ఫోటో ఒక్కటి లేదు. ఇంకో నాలుగేళ్ళు పోతే పాప మనతో రమ్మన్నా రాదు."

"ఇప్పుడే ఆలోచిస్తున్నాను," అంది లాయరుగారు.

అప్పుడు నేను నా ఆస్తిని బయటికి తీశాను. "అదంతా బాగుందోయ్. మీ అమ్మగారి మోకాళ్ళ సంగతేమిటి? ఆ చలికి ఆవిడ తట్టుకోగలరా?"

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "నా మోకాళ్ళ గురించి అల్లుడుగారు అడగడం ఇదే మొదటిసారి. ఎంత ఖర్చవుతుందట ఆ ఊరికి?"

ఆస్తి అక్కరకు రాలేదు. కానీ వ్యాపారికి ఇంకో దారి ఉంటుంది.

"సరే, ఏ సరుకైనా శాంపిల్ చూడకుండా నేను ఆర్డరు పెట్టను," అన్నాను. "ఆదివారం మన కోల్డ్ రూముకు రండి. గంటసేపు లోపల ఉండగలిగితే అప్పుడు మాట్లాడదాం."

"మాట్లాడదాం కాదు, వెళ్దాం అనండి," అంది మా ఆవిడ.

"వెళ్దాం," అన్నాను. పావుగంటకే పరిగెత్తుకొస్తారని నా లెక్క.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి శాంపిల్ తయారుచేశాను. మామూలుగా శాంపిల్ అంటే ఉన్నవాట్లో మంచిది చూపిస్తాం. నేను ఉన్నవాట్లో చెడ్డది చూపించాలనుకున్నాను. చలి ఇంకాస్త పెంచాను. ఐసును పొడి చేసే మిషను తిప్పి గది నిండా మోకాలెత్తున పోయించాను. గాలి లేకపోతే అదేం కొండ అని రెండు పెద్ద ఫ్యాన్లు కూడా పెట్టించాను. నేను మాత్రం పొట్టి చేతుల చొక్కాలో నిలబడ్డాను. ఈ చలి నాకు నిత్యం మామూలే అని వాళ్ళకు తెలియాలి.

నిజానికి నాకు నిత్యం మామూలైనది ఆఫీసు గది. కోల్డ్ రూములోకి వెళ్ళేది మా పనివాళ్ళు. అదీ ఎలుగుబంట్లలాంటి కోట్లు వేసుకుని.

మావాళ్ళు వచ్చారు. మా ఆవిడ ఇంట్లో ఉన్న స్వెట్టర్లన్నీ ఒకదానిమీద ఒకటి వేసుకుంది. చిన్నాడు చేతులకు మేజోళ్ళు తొడుక్కున్నాడు. అత్తగారు మా హాల్లోని కర్టెను చుట్టుకుని, మడత కుర్చీ, ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని సినిమాకు వచ్చినట్టు వచ్చారు.

చిన్నాడు ఐసు దిమ్మల మీదనుంచి జారడం మొదలుపెట్టాడు. లాయరుగారు ఒక మంచుమనిషిని చేసింది. దానికి పొట్ట పెద్దదిగా పెట్టి, చేతిలో నిగనిగలాడే కాగితం పెట్టి, మూతి ముడుచుకున్నట్టు చేసింది. అది ఎవరో నేను అడగలేదు.

నా ఆశంతా అత్తగారి మీదే. ఆవిడ కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపి, దోసిళ్ళతో ఐసు పొడి తీసి రెండు మోకాళ్ళ మీదా పోసుకున్నారు.

"అమ్మయ్య," అన్నారు. "రోజూ ఐసు పెట్టమని డాక్టరు చెబుతూనే ఉన్నాడు బాబూ. అల్లుడిది ఐసు ఫ్యాక్టరీ అయ్యుండి ఇన్నాళ్ళూ ఫ్రిజ్జులో నాలుగు ముక్కలతో సర్దుకున్నాను. ఇంకో రెండు గంటలు కూర్చోవచ్చా?"

నేను జవాబు చెప్పబోతే నా పళ్ళు అడ్డొచ్చాయి. పైవీ కిందవీ కలిసి ఏదో సొంత సంభాషణ మొదలుపెట్టాయి. ముక్కు ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుందామంటే చెయ్యి ఉన్నట్టు తెలియలేదు. ఫోనొచ్చిందంటూ బయటికి పరిగెత్తాను.

మా ఆవిడ తలుపు తీసి తొంగిచూసింది. "ఎవరండీ ఫోన్లో?"

"పా... పా... పార్టీ."

"ఈ చలిలో ఐసు ఎవరికండీ?" అని మళ్ళీ తలుపేసింది.

గంట దాటాక కూడా వాళ్ళను బతిమాలి బయటికి తీసుకురావలసి వచ్చింది. దారిలో నేను కొత్త వాదన ఎత్తుకున్నాను. "చూశారా, మంచు మన గుమ్మంలోనే ఉంది. ఇక అంత దూరం దేనికి?"

"నాన్నా, పందెం మేం ఉండగలమా లేదా అని. మంచు ఎక్కడుందని కాదు," అంది లాయరుగారు. ఫీజు లేకుండా వాదించేవాళ్ళతో గెలవడం కష్టం.

మర్నాడు చిన్నాడు ఈ సంగతి బడిలో చెప్పాడు. సాయంత్రానికి ఫ్యాక్టరీ గేటు ముందు వాడి తరగతి సగం, వాళ్ళ అమ్మలతో సహా నిలబడి ఉంది. నేను వాళ్ళను పంపించేద్దామని లేవబోతుంటే, చిన్నాడితో పాటు వచ్చిన మా ఆవిడ నెమ్మదిగా అడిగింది. "మనిషికి ఎంత తీసుకోమంటారు?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మహా గొప్ప ఆలోచన ఒకటి వచ్చింది. "ఇలా చేద్దామోయ్. మంచు నాది, గేటు నీది. గేటు దగ్గర వచ్చిందంతా నువ్వే ఉంచుకో. ప్రయాణానికి చాలినప్పుడు హాయిగా వెళ్దాం. అంతవరకూ నా డిపాజిట్టు మాటెత్తకూడదు."

ఆ గేటు డబ్బు ప్రయాణానికి చాలేనాటికి మా అమ్మాయి మనవల్ని ఎత్తుకుని తిరుగుతూ ఉంటుందని నా అంచనా.

"మాటేనా?"

"వ్యాపారి మాట."

మీరే చెప్పండి, ఊళ్ళో జనానికి ఇంత చలి కావలసి ఉందని నాకేం తెలుసు? బయట కూడా చలే. అయినా ఉచితంగా దొరికే చలి వదిలేసి, డబ్బిచ్చి లోపలి చలికి వచ్చారు. వారం తిరిగేసరికి గేటు దగ్గర వరస. మా ఆవిడ పాత కోట్లు పోగుచేసి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అత్తగారు పార్కులో తనతో నడిచే ఆడవాళ్ళందరినీ మోకాళ్ళతో సహా తీసుకొచ్చి ఒక మూల కుర్చీలు వేయించారు. అటు పిల్లలు జారుతుంటారు, ఇటు వీళ్ళు మోకాళ్ళు ఐసులో పెట్టుకుని కోడళ్ళ గురించి మాట్లాడుకుంటుంటారు. మధ్యలో కంప్రెసరు దగ్గుతుంటుంది.

జనం చూస్తే వ్యాపారికి చేతులు ఊరుకోవు. గేటు ఇచ్చేశాను కదా, బుకింగులు మాత్రం నావి అన్నాను. ఆవిడ సరే అంది. పుట్టినరోజులు, బడి పిల్లల గుంపులు, ఆఫీసుల వాళ్ళు. వచ్చినవాళ్ళందరి దగ్గరా అడ్వాన్సు పుచ్చుకున్నాను. మా ఆఫీసు గోడ మీద ఒక బోర్డుంది. "అడ్వాన్సు తీసుకున్నాక మాట తప్పం." మా నాన్న రోజుల్లో నేనే దగ్గరుండి రాయించాను.

ఒకరోజు భోజనాల దగ్గర మా ఆవిడ అంది. "చలికాలం సెలవుల వారం మాత్రం ఎవరికీ ఇవ్వకండి."

"ఎందుకు?"

"ఊరికే."

ఊరికే అన్నది వ్యాపారంలో కారణం కాదు. పైగా పిల్లలకు సెలవులు, అసలు గిరాకీ ఆ వారమే. మర్నాడే మొత్తం వారం నిండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ప్యాకేజీ ఇంటికొచ్చాడు. బల్లమీద టికెట్లు పరిచాడు. "అన్నీ కలిపి నలుగురికి బావగారూ."

నేను లెక్కపెట్టాను. "మనం ఐదుగురం కదా."

"ఐదుగురికీ సరిపడా డబ్బు తీసుకునే వెళ్ళానండీ," అంది మా ఆవిడ. "దారిలో ఫ్యాక్టరీకి వచ్చాను. మీరు ఆ వారానికి కవలల పుట్టినరోజు అడ్వాన్సు తీసుకుంటున్నారు. పైన బోర్డు కనిపించింది. నాలుగే కొన్నాను."

ఆవిడ ఆ మాట కోపంగా అని ఉంటే నాకు బాగుండేది.

నేను కవలల తల్లికి ఫోన్ చేసి, ఒక్క వారం వాయిదా వేసుకోకూడదా అమ్మా అని అడిగాను. "పుట్టినరోజు వాయిదా ఎలా వేస్తామండీ? మీ బోర్డు చూసే కదా అడ్వాన్సిచ్చాను," అంది.

మావాళ్ళు వెళ్ళారు. రైలు కదిలేటప్పుడు అత్తగారు కిటికీలోంచి కర్టెను నా చేతికిచ్చి, "లోపల బాగా చలి బాబూ, కప్పుకోండి," అన్నారు.

ఆ వారమంతా నేను కర్టెను చుట్టుకుని కోల్డ్ రూములోనే ఉన్నాను. గేటు దగ్గర నేనే, కోట్లు ఇచ్చేదీ నేనే. జారిపడ్డ పిల్లల్ని ఎత్తేదీ నేనే. మోకాళ్ళకు ఐసు చాలడం లేదని మూల కుర్చీల్లోంచి అత్తగారి స్నేహితురాళ్ళు పిలిస్తే పరిగెత్తేదీ నేనే.

మూడో రోజు మా ఆవిడ వీడియో ఫోన్ చేసింది. ఆవిడ ముఖం మీద ఎండ మెరుస్తోంది. వెనకాల కొండలన్నీ గోధుమరంగులో బోసిగా ఉన్నాయి.

"మంచేదోయ్?" అన్నాను.

"పడలేదండీ. ఈ ఏడు ఆలస్యమట. మీ ఫోను కాస్త అటు తిప్పండి, పిల్లలు మంచు చూస్తారట."

తిప్పాను. ఏం చేయను.

తర్వాత ప్యాకేజీకి ఫోన్ చేసి నిలదీశాను. "మంచు ప్యాకేజీలో ఉంది బావగారూ. గ్యారంటీలో లేదు," అన్నాడు.

నాకు లోలోపల హుషారు పుట్టింది. మళ్ళీ ఆవిడకు ఫోన్ చేశాను. "నేను ముందే చెప్పానా? డబ్బు దండగ. తిరిగొచ్చేయండి."

"దండగేంటండీ," అంది. "మంచు ఇంట్లో ఉండనే ఉంది. పొద్దున లేచి ఎక్కడికీ పరిగెత్తకుండా కూర్చోవడం, పాప నా ఒళ్ళో తలపెట్టుకుని పడుకోవడం, అవి ఇంట్లో దొరకడం లేదు. మీరు కూడా వచ్చుంటే బాగుండేది."

శాంపిల్ ఎక్కడ తప్పిందో అప్పుడు అర్థమైంది. నేను చూపించిన సరుకు వేరు, ఆవిడ అడిగిన సరుకు వేరు.

ఆ సాయంత్రం ఒక ఫోటో పంపింది. ఎండలో వరసగా నిలబడ్డారు. మా ఆవిడకూ లాయరుగారికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో ఒక కర్ర, కర్ర చివర నా కోతి టోపీ. చిన్నాడు పక్కనుంచి వంగి కర్ర పడిపోకుండా పట్టుకున్నాడు.

తిరిగొచ్చిన మర్నాడు మా ఆవిడ ఫ్యాక్టరీకి వచ్చి, కొనుగోలుదార్లు కూర్చునే కుర్చీలో కూర్చుంది. బల్లమీద కొన్ని నోట్లు పెట్టింది.

"వచ్చే ఏడు సెలవుల వారానికి బుకింగు కావాలండీ."

"గదికా? ఎంతమంది వస్తారు?"

"గది అక్కర్లేదు. మీరు కావాలి. ఇది అడ్వాన్సు."

నేను ఏదో అనే లోపే నా చెయ్యి వెళ్ళి నోట్లు అందుకుంది. అది దాని అలవాటు. ఆవిడ తల ఎత్తి గోడమీద బోర్డును ఒకసారి నింపాదిగా చదివింది.

"రసీదు ఇవ్వండి," అంది.

ఇక చివరి లెక్క. డిపాజిట్టు చెక్కుచెదరలేదు, వేసవికి కొత్త కంప్రెసరు వస్తుంది. శీతాకాలంలో నడిచే కొత్త వ్యాపారం ఒకటి వచ్చింది, దాని గేటు మా ఆవిడది. అత్తగారి మోకాళ్ళు నయమైపోయాయి గనక ఆస్తుల్లోంచి తీసేశాను. గోడమీదికి ఒక ఫోటో చేరింది, అందులో నా తరఫున టోపీ ఉంది. నన్ను నేను అమ్ముకుని తీసుకున్న అడ్వాన్సు ఒకటి చేతిలో ఉంది. కాన్సిల్ చేయడానికి వీల్లేదు.