చికెన్ భరోసా

"మన ప్రాంతపు కోడిలో బ్యాక్టీరియా లేదు. ఉంటే గింటే అది ప్రతిపక్షం తెచ్చిపెట్టిందే!"

మార్కాపురంలో చికెన్ భరోసా కమిటీ ఛైర్మన్ ఆదినారాయణ గారు ఈ ప్రకటన చేసినప్పుడు నేను ముందు వరుసలోనే ఉన్నాను. ఇరవై ఏళ్ల విలేకరి బతుకులో ఇంత శాస్త్రీయమైన మాట వినలేదు.

గొడవంతా డాక్టర్ శ్రీదేవి వల్ల వచ్చింది. కొనకనమిట్లలో భర్తతో కలిసి చికెన్ దుకాణం నడిపే రేణుకకు మూత్రంలో మంట, నడుము నొప్పి, జ్వరం. రెండు రకాల మాత్రలు వాడినా తగ్గలేదు. పచ్చిమాంసం మీది క్రిములు చేతుల నుంచి కడుపులోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి చేరి ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. మూత్రంలో ఏ క్రిమి ఉందో తేల్చే యూరిన్ కల్చర్ పరీక్ష చేస్తేగానీ ఏ మందు పనిచేస్తుందో తెలియదని, ఆలస్యమైతే కిడ్నీలకు ముప్పని కూడా చెప్పింది. జనం మొదటి ముక్క మాత్రమే విన్నారు. ఆ ఆదివారం కోళ్లన్నీ ప్రాణాలతో ఉన్నాయి.

ఛైర్మన్ గారు ఊరుకునే మనిషా! చికెన్ మేళా పెట్టించారు. వేదిక మీద మూడు లెగ్ పీసులు తిని, మూతి తుడుచుకోకుండానే డాక్టరమ్మను పిలిచారు.

"చూడమ్మా, నాకేమైంది?"

"ఉడికితే క్రిములు చచ్చిపోతాయి సార్. నేను చెప్పింది పచ్చిమాంసం కోసే చేతుల గురించి, నరికే మొద్దు గురించి."

"పచ్చిది ఎవడు తింటాడమ్మా! పరీక్ష పెట్టిద్దాం. శాంపిల్ అంటే జనం తినేదే తీయాల."

సర్కారు ఆసుపత్రి అధికారి ఫణికృష్ణ గారు అప్పటికప్పుడు అక్కణ్నుంచి యూరిన్ పరీక్ష డబ్బాలన్నీ తెప్పించి, వాటి నిండా మేళాలో వండిన కోడిపులుసు పట్టించారు. మొత్తం నలభై. ఒక్క చుక్క కింద పడలేదు.

మర్నాడు రేణుక గోడ పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది.

"ఒక్క డబ్బా ఇయ్యండి సార్. నిలబడలేకపోతున్నా."

"డబ్బాలు అయిపోయినాయి. నువ్వు పరీక్ష ఫారం ఇచ్చిపో, నేను చూసుకుంటా."

ఫణికృష్ణ గారి హయాంలో పెండింగ్ అనేది ఉండకూడదు. ఆమె ఫారాన్ని ఒక పులుసు డబ్బాకు అంటించి ల్యాబుకు పంపించారు.

వారం తిరక్కుండా విజయోత్సవ సభ. నలభైకి నలభై, బ్యాక్టీరియా నిల్. జ్వరంతో తూలుతున్న రేణుకను ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. ఛైర్మన్ గారు శాలువా కప్పి, రిపోర్టు చేతిలో పెట్టారు.

"నీకు ఏ రోగమూ లేదు తల్లీ. ఇంక మందులు గూడా అక్కర్లేదు."

డాక్టరమ్మ కింద నుంచి అరిచింది. "అది ఆమె రిపోర్టు కాదు సార్! ఆ డబ్బాలో ఉన్నది పులుసు!"

"పేరు ఆమెదే కదా మేడం" అన్నారు ఫణికృష్ణ గారు.

రేణుక వణుకుతూ మైకు అందుకుంది.

"పేరు నాదే సార్. మంట గూడా నాదే. పరీక్ష మాత్రం పులుసుకు చేసినారు. నాకు మందేందో చెప్పండి."

ఛైర్మన్ గారు నా వైపు తిరిగారు.

"రాసుకో నాయనా. మన పులుసులో ఏ దోషమూ లేదని పేషెంటే ఒప్పుకునింది."