వర్జిల్ గారి నడుము గురించి ఊరి తీర్మానం

పెకన్ ఫోర్క్ పట్టణ పౌరులు ఈ ఏడాది మార్చి నెలలో చర్చి భోజనశాలలో సమావేశమై, మూడు గంటలు చర్చించి, మనుషుల్లో రెండే జాతులున్నాయని తేల్చారు. నడుముకు బరువైన పిస్తోలు పెట్టుకొనేవారు ఒక జాతి, తేలికైన పిస్తోలు పెట్టుకొనేవారు రెండో జాతి. పసిపిల్లలను ప్రస్తుతానికి ఏ జాతిలోనూ చేర్చలేదు. పెద్దయ్యాక వాళ్ల సంగతి వాళ్లే తేల్చుకుంటారని సభ అభిప్రాయపడింది. అనంతరం అందరూ ఇళ్ల నుంచి తెచ్చుకున్న వంటకాలు పంచుకు తిన్నారు.

టెక్సస్ మొత్తం మీద ఇంత ప్రశాంతమైన ఊరు మరొకటి ఉంటుందని నేననుకోను. ఇక్కడ ఆఖరి నేరం పదకొండేళ్ల క్రితం జరిగింది. పోస్టాఫీసు ముందున్న పూలకుండీని ఎవరో ఎత్తుకెళ్లారు, మర్నాడు నీళ్లు పోసి మరీ తెచ్చి పెట్టారు. అప్పటినుంచి ఊరు కంటిమీద కునుకు లేకుండా అప్రమత్తంగా ఉంది.

నేను ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో బట్టలు కుడుతున్నాను, ఉతుకుతున్నాను, సరిచేస్తున్నాను. నా కొలతల పుస్తకంలో నాలుగు గడులుంటాయి: నడుము, పొడవు, పిస్తోలు, ఏ పక్క. ఎవరి దగ్గర ఏముందో షెరీఫ్‌కు తెలియకపోవచ్చు గాని నాకు తెలుసు. ఆ మాటకొస్తే ఊరందరికీ తెలుసు. పిస్తోలు కనబడకుండా దాచుకోవాలన్నది ఇక్కడి మర్యాద. దాచుకున్నదాని బరువెంతో పొద్దస్తమానం మాట్లాడుకోవాలన్నది కూడా ఇక్కడి మర్యాదే. ఒకరి చొక్కా కింద ఉబ్బును ఇంకొకరు చూడనట్టు నటిస్తూనే, ‘కొత్తది కొన్నట్టున్నావే’ అని అభినందిస్తారు.

బరువు వర్గానికి నాయకుడు హార్లన్ పూల్ గారు. ఆయనకు ఇనప సామాన్ల కొట్టుంది, చర్చి రక్షణ సంఘానికి అధ్యక్ష పదవి కూడా ఉంది. ఆయన నడుమున నలభై ఔన్సుల ఉక్కు, అంటే కిలోకు పైనే, ఉంటుంది. పేల్చినప్పుడు అది చేతిలో బుద్ధిగా కూర్చుంటుందని ఆయన వాదన. పేల్చే అవకాశం ఇంతవరకూ రాలేదు గనక మోయడమే జరుగుతోంది. కిందటి ఈస్టరు ఆదివారం కీర్తన పాడుతూ ఆయన ఆవేశంతో రెండు చేతులూ పైకెత్తారు. బెల్టు ఆ క్షణం కోసమే ఎదురుచూస్తున్నట్టుంది, ప్యాంటు నేలకు దిగింది. పాస్టరుగారు సమయస్ఫూర్తితో అందరినీ కళ్లు మూసుకొమ్మని ప్రార్థన మొదలుపెట్టారు. అది పదమూడు నిమిషాలు సాగింది. పూల్ గారికి వంగడం కష్టం.

తేలిక వర్గానికి వాండా ఫే గారు పెద్దదిక్కు. ఆవిడ జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతారు. ఆవిడది పదిహేను ఔన్సులది, ఉన్నట్టే తెలియదు. అందులో ఉన్న చిక్కు కూడా అదే. ఈ వర్గంవాళ్లు ఎక్కడ కూర్చుంటే అక్కడ దాన్ని మరచి వస్తారు. చర్చిలో పోయిన వస్తువుల పెట్టెలో ప్రస్తుతం రెండు గొడుగులు, ఒక కళ్లజోడు, అయిదు పిస్తోళ్లు ఉన్నాయి. నా బట్టల మిషనులో ఇప్పటికి మూడు ఉతికాను. పోనీ పేల్చినప్పుడైనా మంచిదా అంటే, తేలికది కాబట్టి గాడిదలా తంతుంది. వాండా ఫే గారు గురువారం సాయంత్రాలు సాధన చేస్తారు. శుక్రవారం ఆవిడ మణికట్టు వాచిపోయి ఉంటుంది. అందుకే మా ఊళ్లో శుక్రవారం జుట్టు కత్తిరించుకున్న ఆడవాళ్లను చూడగానే పోల్చుకోవచ్చు. నుదుటి మీద జుట్టు ఒక పక్క కనుబొమ్మ దాకా, రెండో పక్క చెంప దాకా ఉంటుంది.

రెండు వర్గాలూ నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను సూదికి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకొని బతుకుతున్నాను.

ఏప్రిల్‌లో వర్జిల్ స్టబుల్‌ఫీల్డ్ గారు సూటు కుట్టించుకోవడానికి వచ్చారు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నలభై ఏళ్లుగా కుడి పక్కన బరువైనదే మోస్తున్నారు. ఆయన మనవరాలు లారెల్‌కు జూన్‌లో పెళ్లి. తల్లి పోయి ఆరేళ్ల పిల్లగా చేతికొచ్చిన దగ్గర్నుంచి ఆయనే పెంచారు. చర్చి గుమ్మం నుంచి పెళ్లికొడుకు దాకా ఆ పిల్లను చెయ్యి పట్టుకొని నడిపించాల్సింది ఆయనే.

అద్దం ముందు నిలబెట్టి కొలత తీశాను. కోటు కుడి అంచు రెండంగుళాలు కిందికి దిగింది.

“వర్జిల్ గారూ, మీరు కుడిపక్కకు ఒరిగారండీ.”

“నేనెక్కడ ఒరిగానయ్యా? నీ అద్దమే ఒరిగింది.”

అద్దం సరిచేశాను. ఆయన సరి కాలేదు. అప్పుడు కుర్చీలో కూలబడి అసలు సంగతి చెప్పారు.

“తుంటి ఎముక అరిగిపోయిందట. ఆ బరువు దించకపోతే జూన్ నాటికి చక్రాల కుర్చీయే అన్నాడు డాక్టరు. చర్చిలో ఎంత దూరమో తెలుసా? అరవై అడుగులు. ఆ అరవై అడుగులు పిల్లతో నడిస్తే చాలయ్యా. తర్వాత ఏ కుర్చీలో కూర్చోబెట్టినా కూర్చుంటా.”

“అయితే తేలికది పెట్టుకోండి.”

“మెల్లిగా! హార్లన్ వింటే చంపేస్తాడు.”

హార్లన్ పూల్ గారు వినలేదు. కాని నా దుకాణంలో అప్పుడు ముగ్గురున్నారు. సాయంత్రానికల్లా ఊరంతా పాకింది, నలభై ఏళ్ల బరువు మనిషి తేలికలో కలుస్తున్నాడని. శనివారం అత్యవసర సభ పెట్టారు.

పూల్ గారు మాట్లాడారు. “సోదరులారా, సోదరీమణులారా! ఇవాళ వర్జిల్ ఉక్కు వదిలేస్తాడు. రేపు మనం బ్రిస్కెట్ మాంసం వదిలేసి ఆకులు నములుతాం. ఎల్లుండి మన పిల్లలు మనల్ని అడుగుతారు, ‘నాన్నా, తుంటి నొప్పి అంటే ఏంటి?’ అని. అప్పుడు మనం ఏ మొహం పెట్టుకొని జవాబు చెప్పాలి? మన తాతలు ఈ నొప్పులన్నీ ఎవరి కోసం పడ్డారు?” సగం సభ కళ్లు తుడుచుకొంది.

వాండా ఫే గారు కట్టు కట్టిన చేతిని పైకెత్తి సమాధానమిచ్చారు. “బరువు మోసేవాళ్లకి భయం ఎక్కువ. నాకసలు భయమే లేదు. అందుకే చిన్నది పెట్టుకున్నా.” ఇలా అని చేతిసంచీలో చెయ్యి పెట్టి చూపించబోయారు. అందులో దువ్వెన మాత్రమే దొరికింది. రెండో సగం సభ చప్పట్లు కొట్టింది.

మాటలతో తేలదని రక్షణ సంఘం శాస్త్రీయ పరీక్ష జరిపించింది. చర్చి నడవలో వర్జిల్ గారు నడవాలి. పెళ్లి గౌను కుట్టేదీ నేనే, దాని అంచు ఎక్కడిదాకా రావాలో చూసుకోవాలి గనక పెళ్లికూతురి స్థానంలో నన్ను నిలబెట్టారు. మొదట బరువైనదానితో నడిచాం. పందొమ్మిదో అడుగు దగ్గర ఇద్దరం కుడివైపు బల్ల మీద, అక్కడ కూర్చున్న బడి లైబ్రేరియన్ గారి ఒళ్లో పడ్డాం. తర్వాత తేలికైనదానితో నడిచాం. అది ఉందో లేదో తెలియక వర్జిల్ గారు ప్రతి మూడడుగులకూ ఆగి నడుం తడుముకున్నారు. అరవై అడుగుల్లో ఇరవైసార్లు తడుముకున్నట్టు లెక్క తేలింది. చూసేవాళ్లు గజ్జి అనుకొనే ప్రమాదముందని వాండా ఫే గారే ఒప్పుకున్నారు. మూడోసారి సమతూకం కోసం రెండు పక్కలా రెండు బరువైనవి కట్టారు. ఆయన ధ్వజస్తంభంలా నిటారుగా నిలబడ్డారు, అడుగు మాత్రం వెయ్యలేకపోయారు. ‘నిలబడుట సంతృప్తికరం, నడుచుట జరగలేదు, పాక్షిక విజయం’ అని నివేదికలో రాశారు.

వెనక బల్ల మీద కూర్చుని ఇదంతా చూస్తున్న లారెల్ అప్పుడు లేచింది.

“తాతా, ఆ ఒక్క రోజూ ఏదీ లేకుండా రా.”

పూల్ గారు గొంతు సవరించుకున్నారు.

“ఏదీ లేకుండా అంటే... ఎన్ని ఔన్సులమ్మా?”

“అసలేమీ వద్దు, బాబాయ్. ఉట్టి నడుంతో.”

“అలాంటి పిస్తోలు కేటలాగులో చూసినట్టు గుర్తులేదే.”

“పెళ్లి గాభరా పాపం,” అన్నారు వాండా ఫే గారు. “నా పెళ్లప్పుడు నేనూ ఇలాగే పిచ్చి పిచ్చిగా మాట్లాడా. పడుకుంటే తగ్గుద్ది తల్లీ.”

పెళ్లికూతురి ప్రతిపాదన రెండు వర్గాల్లో దేనికీ చెందనందున పరిశీలనకు స్వీకరించలేదని నివేదికలో చేర్చి సభ ముగించారు.

సోమవారం పొద్దున్నే వర్జిల్ గారు నా దుకాణానికి వచ్చారు. మోచేతికి, చెంపకు గీతలు పడి ఉన్నాయి.

“ఏమైందండీ?”

“పిల్ల అడిగింది కదా అని అది తీసేసి ఉత్తరాల పెట్టె దాకా నడిచి చూశానయ్యా. నలభై ఏళ్లు కుడికి లాగింది కదా, తీసేసేసరికి ఒళ్లు ఎడమకు పోయింది. గులాబీ పొదలో తేలాను.”

నాకు అప్పటిదాకా అడగాలని తోచని ప్రశ్న అప్పుడు తోచింది. “ఈ నలభై ఏళ్లలో ఎప్పుడైనా దాన్ని వాడారా?”

“ఒకసారి. పెరట్లో గడ్డిలో పాము.”

“చచ్చిందా?”

“చచ్చింది. నీళ్ల గొట్టం.” ఖాళీ నడుం తడుముకున్నారు. “నాకు భయమేం లేదయ్యా. అది లేకపోతే ఈ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు, అంతే. అరవై అడుగులూ ఈ చెయ్యి ఏం చేస్తుంది చెప్పు?”

ఆయన మీద జాలి వేసింది. సూటు రెండు పక్కలా సమానంగా కత్తిరించాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి కొలతల పుస్తకంలో రెండు గడులు ఖాళీగా వదిలాను. పెన్ను పట్టుకొని చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

జూన్ రెండో శనివారం చర్చి కిటకిటలాడింది. పియానో మోగింది, తలుపులు తెరుచుకున్నాయి. లారెల్ తెల్ల గౌనులో నిలబడి ఉంది. పక్కన వర్జిల్ గారు ఉన్నారు. కోటు ఎక్కడా ఉబ్బకుండా, ఎక్కడా దిగకుండా ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. పెళ్లికూతుర్ని ఎవరూ చూడలేదు. ఊరి కళ్లన్నీ ఆయన కుడి నడుము మీద పడ్డాయి.

“అతని దగ్గర ఏమీ లేదు!” అన్నారెవరో.

“అయ్యో దేవుడా, ఏం చెయ్యబోతున్నాడు?”

“పిల్లల్ని బల్లల కిందికి తొయ్యండి!”

రెండు వందల చేతులు ఒక్కసారి నడుముల మీదికి పోయాయి. బరువు వర్గంవాళ్లు లేవబోయి మూలిగారు. తేలిక వర్గంవాళ్లు తమది ఎక్కడ పెట్టారో వెతుక్కున్నారు. పూల్ గారు నడవ మధ్యకు వచ్చి అడ్డంగా నిలబడ్డారు. తన నలభై ఔన్సులదాన్ని పిడి ముందుకు పెట్టి చాచారు.

“వర్జిల్, మన పాత స్నేహం మీద ఒట్టు. ఇది పెట్టుకో. జనం భయపడుతున్నారు.”

అటు పక్క నుంచి వాండా ఫే గారు కూడా లేచి, మరిదిగారి దగ్గర అరువు తీసుకున్న పదిహేను ఔన్సులదాన్ని చాచారు. “పోనీ ఇదైనా తీసుకో అన్నయ్యా. పుణ్యముంటుంది.”

వర్జిల్ గారు రెండింటినీ చూశారు. కుడిచెయ్యి సగం దాకా లేవడం నేను కళ్లారా చూశాను. లారెల్ తాత ఎడమ మోచేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

“పక్కకు జరగరా హార్లన్,” అన్నారాయన. “ఉట్టి చేతులవాణ్ణి చూసి భయపడతావేంట్రా?”

పూల్ గారు జరిగారు. బరువు చేతిలో ఉండటం వల్ల కుడికే జరిగారు. ముసలాయన నడిచారు. అనుకున్నట్టే ఒళ్లు ఎడమకు ఒరిగింది, ఆ పక్కన మనవరాలు ఉంది. అరవై అడుగులూ ఆ పిల్ల భుజం మీద ఆని నడిచారు. ఏం చెయ్యాలో తెలియని ఆ కుడిచెయ్యి మొదట గాలిలో ఊగింది, జేబులో దూరింది, మళ్లీ బయటికొచ్చింది, చివరికి కళ్లు తుడుచుకొంది. నేను సిగ్గు విడిచి ఏడ్చాను.

సోమవారం రక్షణ సంఘం సమావేశమైంది. చరిత్రలో మొదటిసారి బరువు, తేలిక వర్గాలు ఒకే మాట మీద నిలబడ్డాయి. ఒక నిరాయుధుడు పట్టపగలు చర్చిలో అరవై అడుగులు ఎవరి అడ్డూ లేకుండా నడవగలగడం రక్షణ ఏర్పాట్ల ఘోర వైఫల్యమని సభ విచారం వెలిబుచ్చింది. ఇకపై ఖాళీ నడుముతో రాదలచినవారు మూడు రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. అందరికీ కనబడేలా మొదటి వరసలో కూర్చోవాలి. చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. వర్జిల్ స్టబుల్‌ఫీల్డ్ గారిని ఆదివారాలు తలుపు దగ్గర స్వాగతం పలికే బాధ్యత నుంచి తప్పించారు. ఆయన ఇప్పుడు మొదటి వరసలో ఒంటరిగా, ఎడమకు ఒరిగి కూర్చుంటున్నారు. ఆ రోజు ఈ తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చెయ్యెత్తమంటే సభ మొత్తం ఎత్తింది. నేనూ ఎత్తాను. ఎడమ చెయ్యి ఎత్తాను, ఎందుకంటే నా పిస్తోలు చొక్కా కింద ఉందో లేదో కుడిచెయ్యి చూసుకుంటోంది. నాది తేలికది.

మీరు నవ్వుకోవచ్చు. ఆ వస్తువును మీరు ముట్టుకొని ఉండరు, మీ ఊళ్లో అలాంటి సభలూ జరగవు. అయినా ఇంతసేపూ చదువుతూ ఆ పెద్దాయనకు బరువైనది మేలా, తేలికది మేలా అని లోలోపల మీరూ ఒక పక్క తేల్చుకొనే ఉంటారు. మూడో దారి ఒకటుందని, ఆ పిల్ల లేచి చెప్పేదాకా మీకూ తట్టలేదు.